ఎనామిల్ డయల్ వాచీ: ఏ పనితనం ఎవరికి నప్పుతుంది?

తెల్లటి ఎనామిల్ డయల్ ఉన్న చేతి గడియారం లక్ష రూపాయల పైచిలుకుకు దొరుకుతుంది. అలాంటి తెల్లటి ఎనామిల్ డయలే ఉన్న మరొకటి ఇరవై లక్షలు దాటుతుంది. దూరం నుంచి చూసేవారికి రెండింటికీ తేడా తెలియదు. ఇక పూలు, పక్షులు, ప్రపంచ పటాలు వేసిన ఎనామిల్ డయళ్ళ జోలికి వెళితే ధరకు హద్దే ఉండదు. వీటి మధ్య ఎటూ తేల్చుకోలేక ఆగిపోయినవారి కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి కొనేవారు తమ డబ్బును బొమ్మ మీద కాకుండా కాల్పు మీద, అంటే ఎనామిల్‌ను కొలిమిలో కాల్చిన పనితనం మీద పెట్టాలి.

అన్నిటికంటే ముందు పేరుతో వచ్చే చిక్కు ఒకటి తీర్చుకోవాలి. తలుపులకు, కిటికీ ఊచలకు వేయడానికి దుకాణంలో కొనే ఎనామిల్ పెయింటుకూ ఈ ఎనామిల్‌కూ పేరు తప్ప పోలిక లేదు. అది రంగు, ఇది గాజు. నీలం అంచున్న తెల్లటి ఎనామిల్ పళ్ళేల్లో అన్నం తిన్నవారికి దీని స్వభావం కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ పళ్ళెం ఎన్నేళ్ళు తోమినా తెలుపు తెలుపుగానే ఉండేది. చెయ్యి జారి పడితే మాత్రం అంచున పెచ్చు ఊడి లోపలి నల్లటి ఇనుము బయటపడేది. లక్షలు పోసి కొనే డయల్‌కు కూడా ఉన్నవి ఆ రెండు గుణాలే. రంగు మారదు, దెబ్బకు ఓర్వదు.

దాన్ని ఎలా చేస్తారో తెలిస్తే ధరలో తేడా ఎక్కడినుంచి వస్తుందో అర్థమవుతుంది. గాజును మెత్తటి పొడిగా నూరుతారు. రంగు కోసం అందులో లోహపు ఆక్సైడ్లు కలిసి ఉంటాయి. కోబాల్టు నీలాన్నిస్తుంది, రాగి ఆకుపచ్చనిస్తుంది, తగరం పాల తెలుపునిస్తుంది. కెంపు ఎరుపు బంగారం వల్ల వస్తుంది. ఈ పొడిని రాగి, వెండి లేదా బంగారు బిళ్ళ మీద పలుచగా పరచి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలో పెడతారు. గాజు కరిగి లోహానికి అతుక్కుంటుంది. చల్లారాక మరో పొర, మరో కాల్పు. చల్లారేటప్పుడు లోహం ఒక తీరున, గాజు మరో తీరున కుంచించుకుంటాయి కాబట్టి, బిళ్ళ వంగిపోకుండా వెనుకవైపు కూడా ఎనామిల్ పూస్తారు. ప్రతి కాల్పులోనూ గాలి బుడగ లేవవచ్చు, బీట పడవచ్చు, ఎక్కడి నుంచో ధూళి కణం వచ్చి నల్లటి చుక్కగా మిగిలిపోవచ్చు. ఏడు కాల్పులు బాగా వచ్చి ఎనిమిదో దానిలో చెడినా ఆ డయల్ పక్కన పడేయవలసిందే. మనం కట్టే ధరలో ఆ పక్కన పడేసిన వాటి ఖర్చు కూడా ఉంటుంది. ఈ పూర్తి వేడి పద్ధతినే ఫ్రెంచి మాటతో గ్రాన్ ఫ్యూ అంటారు, అంటే పెద్ద నిప్పు.

కొనేముందు ఏమేమి చూడాలి

మొదటిదీ అన్నిటికంటే ముఖ్యమైనదీ, అది నిజంగా కాల్చినదేనా అన్నది. కోల్డ్ ఎనామిల్ అనే పేరుతో అమ్మేది గాజు కాదు, రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం. కొలిమి అవసరం లేకుండా, చాలా తక్కువ వేడికే గట్టిపడుతుంది. దానితో అందమైన డయళ్ళు చేయలేరని కాదు, చేస్తున్నారు. కానీ గాజుకుండే గట్టిదనం, వందేళ్ళైనా వాడని రంగు దానికి రావు. అందుకని గాజు ధర దానికి కట్టకూడదు. లక్క పూత డయళ్ళు, జపాను ఉరుషి డయళ్ళు, అరితా పింగాణీ డయళ్ళు ఎనామిల్ కాదు. ఒక్కొక్కటీ వేరే కళ, వాటిని వాటి పేరుతోనే కొనాలి.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే కొంతవరకు మనమే కనిపెట్టవచ్చు. ముళ్ళ ఇరుసు కోసం డయల్ మధ్యలో ఉన్న రంధ్రం దగ్గర, తేదీ కిటికీ అంచుల దగ్గర చూడండి. కరిగి గడ్డకట్టిన గాజు కాబట్టి అక్కడ అంచు కోసినట్టు ఉండదు, నీటి బొట్టు అంచులా మెత్తగా గుండ్రంగా వాలుతుంది. వాచీని వాలుగా పట్టుకుని దీపం ప్రతిబింబాన్ని డయల్ మీద జరిపితే సన్నటి అలలు కనిపిస్తాయి. బల్లపరుపుగా, యంత్రం నున్నన చేసినట్టున్న తెలుపైతే మరో రెండు ప్రశ్నలు అడగాలి.

రెండోది అంకెలు. డయల్ కాల్చినదే అయినా దాని మీది అంకెలు సిరాతో అచ్చు వేసి వదిలేసి ఉండవచ్చు. లేదా ఎనామిల్‌తో వేసి కొంచెం తక్కువ వేడికి మళ్ళీ కాల్చి ఉండవచ్చు. రెండో రకం అంకెలు డయల్‌లో భాగమైపోతాయి, చెరిగేవి కావు. అమ్మేవారు ఈ మాట తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి.

మూడోది, బీట పడితే ఏమవుతుందన్నది. దీని గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. మా తాతగారి జేబు గడియారాన్ని ఒక రిపేరీ దుకాణంలో ఇచ్చాను. ముళ్ళు తీసేటప్పుడు పనిముట్టును డయల్ మీదే ఆనించి పైకి లేపారు. మధ్య రంధ్రం నుంచి తొమ్మిది అంకె దాకా వెంట్రుకంత బీట సాగింది. దాన్ని అతికించే మార్గం లేదు. మళ్ళీ కొలిమిలో పెట్టినా అంకెలతో సహా మొత్తం కొత్తగా చేసినట్టే అవుతుంది. సందులో మట్టి చేరి నల్లబడకుండా శుభ్రం చేయించడం వరకే చేయగలం. సేకరించేవారి విషయంలో కష్టం మరొకటుంది. పగిలిన అసలు డయల్‌ను తీసి కొత్తది వేయిస్తే వాచీ చూడడానికి బాగుంటుంది, విలువ మాత్రం పడిపోతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఎనామిల్ డయల్ మామూలు ఇత్తడి డయల్ కంటే మందంగా ఉంటుంది, దాదాపు రెట్టింపు. కాబట్టి పలుచని వాచీ కావాలనుకునేవారు చేతికి పెట్టుకుని చూశాకే నిర్ణయించుకోవాలి. చిత్రాలున్న డయళ్ళలో చేసిన కళాకారుల పేరు తెలిసి ఉంటే దానికి విలువ ఉంటుంది. సాదా డయళ్ళలో ఆ పేరు కంటే కార్ఖానా నాణ్యత ముఖ్యం.

సాదా తెలుపు, సాదా నలుపు

బొమ్మ లేదు కాబట్టి తేలిక పని అనుకుంటారు. నిజానికి తెలుపులో ఏ లోపమూ దాగదు. బొమ్మల డయల్‌లో ఒక నలుసు ఆకుల మధ్య కలిసిపోతుంది, తెల్ల డయల్‌లో అది మాత్రమే కనిపిస్తుంది. అందుకే నాకు సాదా డయల్ మీద అంత గౌరవం.

పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లో అబ్రహాం-లూయీ బ్రెగే చేసిన తెల్ల ఎనామిల్ డయళ్ళు, వాటి మీది కొంచెం వంపు తిరిగిన అంకెలు నేటికీ అందరికీ కొలమానం. ఆ అంకెలను ఇప్పటికీ బ్రెగే అంకెలనే పిలుస్తారు. ఆ పేరుతో నడుస్తున్న సంస్థ నేటికీ క్లాసిక్ వరుసలో ఆ తీరు డయళ్ళు చేస్తోంది. స్విట్జర్లాండ్‌లోని ల లోక్ల్ ఊళ్ళో ఉన్న డోంజే కద్రాన్ ఇలాంటి డయళ్ళకు పేరుపొందిన కార్ఖానా. 2011లో యులిస్ నార్డాన్ అనే స్విస్ వాచీల సంస్థ దాన్ని కొనుక్కుంది. ఆ సంస్థ తెల్ల డయళ్ళు చూస్తే వాటి వెనుక ఉన్న చేతులు కనిపిస్తాయి.

తక్కువ ధరలో రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. మొదటిది జపాను. 1913లో సైకో (Seiko) సంస్థ చేసిన లారెల్ ఆ దేశపు మొదటి చేతి గడియారం, దాని డయల్ కూడా ఎనామిలే. ఆ సంస్థ ఇప్పటి ప్రెసాజ్ వరుసలోని ఎనామిల్ డయళ్ళు మిత్సురు యోకోసావా అనే పనిమంతుడి పర్యవేక్షణలో వచ్చినవి. వెయ్యి డాలర్ల పైచిలుకుకే కాల్చిన ఎనామిల్ చేతికి అందడం చిన్న విషయం కాదు. రెండోది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో 2015లో మొదలైన అనోర్డెయిన్ సంస్థ. స్విస్ పరంపర ఏదీ లేకుండా, చేసి చెడగొట్టుకుంటూ ఈ పనిని సొంతంగా నేర్చుకున్నారు. తెలుపు, నలుపులే కాక అరుదైన రంగుల్లో సాదా డయళ్ళు కావాలంటే ముందు వారివే చూడమంటాను. ధర సైకో కంటే ఎక్కువ, ఎదురుచూపు కూడా ఉంటుంది, నేరుగా తెప్పించుకుంటే సుంకం, జీఎస్‌టీ లెక్క వేసుకోవాలి.

చెక్కిన లోహం మీద పారదర్శకపు పొర

ఫ్లాంకే అంటే ఇదే. వెండి లేదా బంగారు బిళ్ళ మీద మొదట కిరణాల్లా, అలల్లా సన్నటి గీతలు చెక్కుతారు. వాటి మీద పారదర్శకమైన రంగు ఎనామిల్ పోసి కాలుస్తారు. వెలుగు గాజులోంచి దిగి, గీతలకు తగిలి తిరిగి పైకి వస్తుంది. చెయ్యి కదిలిన ప్రతిసారీ రంగు లోతు మారుతుంది. తేట నీళ్ళ చెరువులో అడుగున ఉన్న ఇసుక కనిపించినట్టుంటుంది.

ఫొటోల్లో ఇది ఎప్పుడూ మోసం చేస్తుంది, కొన్నిసార్లు ఎక్కువ చేసి, కొన్నిసార్లు తక్కువ చేసి చూపుతుంది. కాబట్టి కళ్ళారా చూడకుండా కొనవద్దు. జపానులోని నగోయా నగరంలో 1880 నుంచి ఉన్న ఆందో క్లువాజొనే సంస్థ 2018లో సైకో కోసం అల గీతల మీద నీలి ఎనామిల్ డయళ్ళు చేసింది. ఈ పద్ధతిని అందుబాటు ధరలో చూపిన మంచి ఉదాహరణ అది.

వేలంలో ఏ ఎనామిల్‌కు ఎంత పలికిందో చూస్తే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. జెనీవా సంస్థ పటెక్ ఫిలిప్ 1950లలో చేసిన 2523 అనే నమూనా ప్రపంచ సమయపు (పలు నగరాల వేళలు ఒకేసారి చూపే) వాచీల్లో కొన్నిటి మధ్యలో ఖండాల పటాన్ని బంగారు తీగలతో వేశారు. యూరేసియా పటం ఉన్న ఒకటి 2021లో జెనీవాలో 70 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. అంతకుముందు 2019లో హాంకాంగ్‌లో అదే 2523 మరొకటి 7 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. దాని మధ్యలో పటం లేదు, బొమ్మా లేదు, ఉన్నది ఉత్త నీలి ఎనామిల్. అరుదైనది కావడం, పాత మిలాన్ దుకాణం పేరు దాని మీద ఉండడం ఆ ధరకు తోడయ్యాయి, నిజమే. అయినా బొమ్మ లేనిది తక్కువ రకమని ఎవరైనా అంటే నేను ఆ నీలాన్నే గుర్తు చేస్తాను.

షాంప్లెవే, మనకు తెలిసిన మీనాకారి

కుందన్ హారం వెనక్కి తిప్పి చూసినవారికి ఈ పని కొత్త కాదు. లోహాన్ని గుంటలుగా తొలిచి, ఆ గుంటల్లో ఎనామిల్ నింపి కాల్చడం జయపూర్ మీనాకారి పనివారి పద్ధతి. స్విస్ వాచీల షాంప్లెవే కూడా అదే. ఎక్కువ వేడి తట్టుకునే రంగును ముందు, తక్కువ తట్టుకునేదాన్ని తర్వాత కాల్చే క్రమం కూడా రెండుచోట్లా ఒకటే. గుంటల మధ్య మిగిలిన లోహపు గట్లే బొమ్మకు గీతలవుతాయి. ఎనామిల్ చుట్టూ లోహపు కట్ట ఉండడం వల్ల చిత్రాలున్న పద్ధతుల్లో కాస్త ధైర్యంగా పెట్టుకోదగినది ఇదేనని నా లెక్క. గీత మాత్రం కొంచెం బరువుగా ఉంటుంది. 2023లో రోలెక్స్ డే-డేట్ ఒకదాని మీద ముక్కలు పేర్చే ఆటలాంటి రంగురంగుల బొమ్మ వచ్చింది. అది ఈ పద్ధతిలో చేసినదే.

క్లువాజొనే: తీగతో గీసిన బొమ్మ

ఇందులో లోహాన్ని తొలచరు. వెంట్రుకలాంటి బంగారు తీగను శ్రావణంతో వంచి, బొమ్మ గీతలకు సరిగ్గా సరిపడేలా డయల్ మీద నిలబెడతారు. ఆ తీగల మధ్య ఏర్పడిన గదుల్లో ఒక్కొక్క రంగు నింపుతారు. బైజాంటియం, చైనా, జపాను ఈ కళను ఎంతో ఎత్తుకు తీసుకెళ్ళాయి. వాచీల్లో దీనికి ఉన్న మోజు చాలావరకు పటెక్ ఫిలిప్ ప్రపంచ పటాల వల్ల వచ్చింది. యులిస్ నార్డాన్ శాన్ మార్కో వరుసలో ఓడల బొమ్మలతో వచ్చిన క్లువాజొనే వాచీలు రెండో చేతి మార్కెట్‌లో కనిపిస్తుంటాయి. పటెక్ ధరలు చూసి వెనక్కి తగ్గినవారు వాటిని వెతకవచ్చు.

ఇక్కడ భూతద్దంతో చూడవలసింది తీగ. మంచి పనిలో తీగ మలుపు దగ్గర ముడత ఉండదు, రెండు తీగలు కలిసేచోట సందు ఉండదు, ఒకే గదిలో రంగు చిక్కగా మొదలై లేతగా ముగుస్తుంది. నాసి పనిలో ప్రతి గదీ ఒకే రంగుతో, పిల్లల రంగుల పుస్తకంలా నిండి ఉంటుంది. తీగలాంటి గీతను అచ్చు వేసి రెజిన్ నింపినవి కూడా క్లువాజొనే పేరుతో చౌకగా అమ్ముతారు. వాలుగా చూసినప్పుడు గీతకు లోహపు మెరుపు లేకపోతే అనుమానించాలి.

సూక్ష్మ చిత్రలేఖనం

ఎనామిల్ మీద ఎనామిల్‌తోనే బొమ్మ వేయడాన్ని 1630ల ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాన్ తూతాన్ అభివృద్ధి చేశాడు. జెనీవా పనివారు దాన్ని వాచీల కోసం మెరుగుపెట్టి, బొమ్మ మీద పారదర్శకపు రక్షణ పొర వేసే అలవాటు తెచ్చారు. కొన్ని వెంట్రుకలే ఉన్న కుంచెతో, భూతద్దం కింద, రంగు తరువాత రంగుగా వేసి కాల్చే పని ఇది. ఒక డయల్‌కు వారాలు పడుతుంది, నెలలూ పడుతుంది. నేటి కళాకారుల్లో అనీతా పోర్షే పేరు ముందు వస్తుంది. పెద్ద సంస్థలే ఆమె దగ్గరికి వెళతాయి.

ఇక్కడ నా సలహా కొంచెం కఠినంగా ఉంటుంది. ఈ పద్ధతిలో మధ్యరకం కొనవద్దు. సాదా డయల్ మధ్యరకమైనా రోజూ చూసి ఆనందించవచ్చు. ప్రాణం లేని ముఖమో, ఎగరని పక్షో ఏడాది తిరిగేసరికి కంటికి బరువవుతుంది. డబ్బు చాలకపోతే ఆగాలి. జెనీవా వెళ్ళే వీలున్నవారు కొనేముందు పటెక్ ఫిలిప్ మ్యూజియంలో పాత జేబు గడియారాల మీది చిత్రాలు చూసి రావాలి. ఆ తరువాత కన్ను తక్కువ పనిని ఒప్పుకోదు.

ఇంకా అరుదైనవి మూడు. చిన్న బంగారు రేకులను పొరల మధ్య పొదిగే పాయొనే పద్ధతి జాకే ద్రోజ్ సంస్థ డయళ్ళలో బాగా కనిపిస్తుంది. నల్ల ఎనామిల్ మీద లిమోజ్ తెలుపు అనే తెల్ల ఎనామిల్‌తో వెలుగునీడలు తెచ్చేది గ్రిజాయ్. వెనుక లోహమే లేకుండా, రంగుటద్దాల కిటికీలా వెలుగును వెనుక నుంచి రానిచ్చేది ప్లీక్-ఆ-జూర్. ఆఖరిదాన్ని ఆధారమే లేని గాజుగా భావించి, చేతికి పెట్టుకోవాలనే ఆశ వదులుకున్నాకే కొనాలి.

అన్నీ పక్కపక్కన

| పద్ధతి | ఏది గొప్ప | దేనికి భయపడాలి | రోజూ పెట్టుకోవచ్చా | ప్రవేశ ధర |
|---|---|---|---|---|
| సాదా గ్రాన్ ఫ్యూ | స్వచ్ఛమైన రంగు, స్పష్టంగా సమయం | చుక్కలు, అచ్చు అంకెలు | జాగ్రత్తగా, అవును | లక్ష పైచిలుకు నుంచి |
| ఫ్లాంకే | కదిలే వెలుగు | ఫొటో చూసి మోసపోవడం | జాగ్రత్తగా, అవును | లక్షల్లో |
| షాంప్లెవే | లోహపు గట్ల ఆసరా | బరువైన గీత | పర్వాలేదు | చాలా లక్షలు |
| క్లువాజొనే | తీగ పనితనం | అచ్చు గీతల నకళ్ళు | అప్పుడప్పుడు | చాలా లక్షలు, రెండో చేతిలో కొంత తక్కువ |
| సూక్ష్మ చిత్రం | ఒక్కటే ఉండే బొమ్మ | మధ్యరకం చిత్రలేఖనం | వద్దు | చాలా ఎక్కువ |
| పాత జేబు గడియారం | తక్కువ డబ్బుకు అసలు కళ | బీటలు, మార్చిన డయల్ | చేతికి కాదు | వేలల్లో కూడా |

ఎవరు ఏది తీసుకోవాలి

ఆఫీసుకు పెట్టుకెళ్ళడానికి ఒకే ఒక ఎనామిల్ వాచీ చాలనుకునేవారు సాదా తెలుపు లేదా ఫ్లాంకే నీలం తీసుకోవాలి. ద్విచక్ర వాహనం మీద రోజూ గతుకుల దారిలో వెళ్ళేవారైతే ఆ రోజులకు వేరే వాచీ ఉంచుకోవాలి. ఎనామిల్‌ను చంపేది గీతలు కాదు, కుదుపు, పడిపోవడం. తెలుపా నీలమా అని ఊగిసలాడేవారు తమ చూపును పరీక్షించుకోవాలి. ఫ్లాంకే నీలం మీద ఉక్కు ముళ్ళు మసక వెలుతురులో కలిసిపోతాయి, తెలుపు మీద నీలి ముళ్ళు ఎప్పుడూ కనిపిస్తాయి. నలభై దాటినవారికి ఈ తేడా చిన్నది కాదు.

పిల్లలకు అందించాలనే ఆలోచనతో కొనేవారికి క్లువాజొనే లేదా షాంప్లెవే నప్పుతుంది. బొమ్మ వెనుక ఒక కథ ఉంటుంది, అది ఇంట్లో చెప్పుకోవడానికి మిగులుతుంది. పెట్టుబడిగా మాత్రమే చూసేవారికి నేను ఏ ఎనామిల్‌నూ సూచించను. వేలంలో కోట్లు పలికిన వాచీలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని, మిగిలినవి అంగడి దాటగానే విలువ తగ్గేవే.

బడ్జెట్ నిజంగా తక్కువైతే కొత్త రెజిన్ డయల్ మీద ముప్పై వేలు పెట్టే బదులు నూరేళ్ళ నాటి జేబు గడియారం వెతకమంటాను. ఒకప్పుడు బొంబాయి, కలకత్తా దుకాణాల ద్వారా వెస్ట్ ఎండ్ వంటి పేర్లతో స్విస్ గడియారాలు మన దేశానికి విరివిగా వచ్చాయి. తెలుగు ఇళ్ళలో పాత పెట్టెల అడుగున అలాంటివి ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాటిలో చాలావాటి డయల్ రాగి మీద కాల్చిన ఎనామిలే. సెకన్ల ముల్లు తిరిగే చిన్న వృత్తం కొద్దిగా లోతుగా, వేరే బిళ్ళగా అతికించి ఉంటే అది మంచి పనికి గుర్తు. అంచున ఒకటి రెండు వెంట్రుక బీటలుంటే భయపడనక్కరలేదు, ఆ వయసుకు అవి సహజం. డయల్ తెల్లగా మెరుస్తూ, అంకెలు మందంగా, వంకరగా ఉంటే ఎవరో మళ్ళీ రంగు వేయించారని అర్థం.

చివరగా, డబ్బు కట్టే ముందు అమ్మేవారిని నాలుగు మాటలు రాతపూర్వకంగా అడగండి. బిళ్ళ ఏ లోహంతో చేశారు, వెనుకవైపు ఎనామిల్ ఉందా, అంకెలు కాల్చినవా అచ్చు వేసినవా, సర్వీసింగ్‌లో డయల్‌కు బీట పడితే బాధ్యత ఎవరిది. నాలుగో ప్రశ్నకు చాలామంది తడబడతారు. సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు డయల్‌ను దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి, రసీదుతో పాటు ఆ ఫొటో మీద కూడా వారి చేత సంతకం చేయించుకోండి. ముళ్ళు తీసేటప్పుడు డయల్ మీద రక్షణ పలక వేస్తారా అని కూడా అడగండి. నేను ఆ రోజు అడగలేదు.